చెప్పుకోగలిగిన మనుషులు

 

పట్టభద్రులారా, ఈ బొంగులూరు దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కితే మీ దారులు వేరవుతాయి. కొందరు పక్కనే ఉన్న ఆదిభట్ల కంపెనీలకు, కొందరు దూరదేశాలకు వెళ్తారు. ఎక్కడికెళ్లినా మనుషుల మధ్యే పని చేయాలి. మనుషులతో మెలగడం గురించే నాలుగు మాటలు చెబుతాను.

1964లో హార్వర్డ్ మనస్తత్వవేత్త డేవిడ్ మెక్లెలాండ్ బృందం కాకినాడ వ్యాపారులను హైదరాబాదు రప్పించి, యూసఫ్‌గూడలోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ సీట్‌లో శిక్షణ ఇప్పించింది. ఆ తర్వాత వాళ్లు కొత్త పనులకు ఎక్కువగా పూనుకున్నారని, పెట్టుబడులు పెంచారని 1969లో వచ్చిన పుస్తకంలో మెక్లెలాండ్, డేవిడ్ వింటర్ రాశారు. ఆ శిక్షణలో లక్ష్యం పెట్టుకోవడం ఎంత ముఖ్యమో, తోటివారు ఒకరికొకరు అండగా నిలవడమూ అంతే ముఖ్యం. పట్టుదల ఒంటరిగా పెరగదని ఆ పరిశోధకులు గుర్తించారు.

తర్వాత అమెరికాలో పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రి బృందాలను పరిశీలించారు. మంచి నాయకత్వం ఉన్నచోటే మందుల విషయంలో పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. అక్కడి నర్సులు పొరపాటును దాచకుండా పైకి చెప్పగలుగుతున్నారన్నది ఆమె వివరణ. చెబితేనే కదా దిద్దుకునేది! భయపెట్టే అధికారికి నిజం చివరన తెలుస్తుంది.

ఇక ఇంటి సంగతి మనస్తత్వవేత్త షెల్లీ గేబుల్ బృందం 2004లో చెప్పింది. ఒకరు మంచి కబురు తెచ్చినప్పుడు మరొకరు మనస్ఫూర్తిగా సంతోషించి, ఇంకా చెప్పమని అడిగే జంటల్లో నమ్మకం, దగ్గరితనం ఎక్కువగా కనిపించాయి. ఫోను చూస్తూ "ఆఁ, బాగుంది" అంటే చాలదు.

కష్టం, సుఖం చెప్పుకోవడానికి ఒక మనిషి ఉండటమే బంధానికి బలం. అలాంటి మనిషి దొరకాలని ఎదురుచూడకండి, ముందు మీరే అలాంటివారు కండి. రేపు మీ కింద పనిచేసే కుర్రాడు తప్పు ఒప్పుకుంటే ముందు ధన్యవాదం చెప్పండి, తర్వాత కలిసి దిద్దండి. ఈ సాయంత్రం అమ్మానాన్నలు మాట్లాడుతుంటే ఫోను పక్కన పెట్టి వినండి. మీ పట్టా వెనుక వాళ్ల కష్టం ఉంది.