ఆంప్స్ ఒక్కటే రాసుకుపోతే ఒప్పుకోవద్దు

(తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల రైతుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



కాలవ కింద సేద్యం చేసేవాళ్లం, మనకు మోటార్ల లెక్కలెందుకని కొందరు అడుగుతున్నారు. కొల్లిపర, కొల్లూరు లంకల్లో అరటి, పసుపు బోర్ల మీద నడుస్తున్నాయి. బాపట్ల ఇసుక నేలల్లో వేరుశనగకు ఫిల్టర్ పాయింట్లే దిక్కు. రేపల్లె దిగువన కాలవ చివరి భూములకు నీళ్లు తోడుకోవాలి. నిజాంపట్నం వైపు ఏరేటర్లు ఆగితే తెల్లారేసరికి రొయ్యలు తేలతాయి. ఇక లెక్క మనది కాక ఎవరిది?

ఉచిత కరెంటే కదా అనేది ఇంకో మాట. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగాక, 2004లో వచ్చిన ఉచితం అది. ఊరికే ఇచ్చింది కాదు. పైగా కరెంటు ఉచితమైనా కాలిన మోటారుకు రీవైండింగ్ ఉచితం కాదు. 2020లో మోటార్లకు మీటర్లు పెట్టి సబ్సిడీని ఖాతాల్లో వేస్తామన్న ఉత్తర్వు వచ్చింది, శ్రీకాకుళం జిల్లాలో ముందు మొదలుపెట్టారు. మీటరు ఎవరు పెట్టినా, పెట్టకపోయినా, మన మోటారు ఎంత లాగుతుందో మనకు తెలిసుండాలి.

ముందు ఇంట్లో ఇస్త్రీ పెట్టె చూద్దాం. 230 ఓల్టుల మీద 1000 వాట్ల పెట్టె. వాట్లను ఓల్టులతో భాగిస్తే ఆంప్స్: 1000ని 230తో భాగిస్తే 4.35. ఓల్టులను ఆంప్స్‌తో భాగిస్తే నిరోధం, అంటే తీగ కరెంటును ఎంత అడ్డుకుంటుందో ఆ కొలత: సుమారు 53 ఓములు. జర్మనీలో ఓమ్ అనే బడిపంతులు 1827లో అచ్చేసిన సూత్రం ఇది, అందుకే ఆయన పేరు. ఓల్టేజీ 170కి పడిందనుకోండి. 170ని 53తో భాగిస్తే 3.2 ఆంప్స్. 170 × 3.2 చేస్తే 545 వాట్ల లోపే. పెట్టె సగం వేడెక్కుతుంది, అంతే. కాలిపోదు.

మోటారు అలా కాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. పంపు మీద నీళ్ల బరువు తగ్గదు కాబట్టి, ఓల్టేజీ పడితే మోటారు ఆంప్స్ పెంచుకుని ఆ పని లాగడానికి చూస్తుంది.

లెక్క చూడండి. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు. 5 హెచ్‌పీ మోటారు ఇరుసు మీద ఇచ్చేది 3,730 వాట్లు. లైను నుంచి లాగేది మాత్రం అంతకంటే ఎక్కువ, ఎందుకంటే కొంత వేడిగా, రాపిడిగా పోతుంది. త్రీ ఫేజు లెక్క ఇది: 1.732 × ఓల్టులు × ఆంప్స్ × పవర్ ఫ్యాక్టరు. 415 ఓల్టులు, 7.5 ఆంప్స్, 0.85 పవర్ ఫ్యాక్టరు వేస్తే సుమారు 4,580 వాట్లు. 9 గంటలు నడిస్తే 41 యూనిట్లు.

ఓల్టేజీ 350కి పడితే అదే పనికి దాదాపు 9 ఆంప్స్ కావాలి. ఏడున్నరకు తొమ్మిది అంటే 1.2 రెట్లు. అయితే వైండింగ్‌లో వేడి ఆంప్స్‌ను ఆంప్స్‌తోనే గుణించి, దాన్ని నిరోధంతో గుణిస్తే వస్తుంది. 1.2 × 1.2 = 1.44. వేడి నూటికి 44 వంతులు పెరిగింది. రోజూ తొమ్మిది గంటలు ఆ వేడిలో వార్నిష్ ఎన్నాళ్లు ఆగుతుంది? మోటారు కాలాక "రైతు సరిగ్గా వాడలేదు" అని ఒక మాట అనేస్తారు.

ఇంకో సంగతి. మోటారు హెచ్‌పీకి ఒకటిన్నర ఆంప్స్ అని వాడుకలో ఒక మోటు లెక్క ఉంది. తనిఖీకి వచ్చినవారు టాంగ్ టెస్టర్ పెట్టి 9 ఆంప్స్ చూసి ఒకటిన్నరతో భాగిస్తే 6 హెచ్‌పీ అవుతుంది. అంటే మన 5 హెచ్‌పీ మోటారు మీద అదనపు లోడు! వాళ్లిచ్చిన లో ఓల్టేజీకి మనం డబ్బు కట్టాలన్నమాట. అందుకే ఆంప్స్ రాసిన కాగితం మీద, అదే వరసలో, ఆ నిమిషంలో ఉన్న ఓల్టేజీ కూడా రాయమని అడగండి. రాయకపోతే సంతకం పెట్టొద్దు. ఎల్‌టీ లైనులో ఓల్టేజీ 6 శాతానికి మించి తగ్గకూడదు. 415కి ఆ లెక్కన 390.

లో ఓల్టేజీకి మూలం చాలాచోట్ల ట్రాన్స్‌ఫార్మరే. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఒక్కో 5 హెచ్‌పీ మోటారుకు 5.4 కేవీఏ పోతుంది. నాలుగు మోటార్లకు 21.6. అయిదోది వేస్తే 27, దాటిపోయింది. ఏడు మోటార్లు వేలాడుతుంటే ఓల్టేజీ ఎక్కడ నిలుస్తుంది? అయితే మన వైపు కూడా ఒక పని ఉంది. 5 హెచ్‌పీకి 2 కేవీఏఆర్ కెపాసిటర్ పెడితే లైను మీద ఆంప్స్ ఆరున్నరకు దిగి, మోటారు వాటా 4.7 కేవీఏ దగ్గరికి వస్తుంది. అప్పుడు అయిదో మోటారూ సరిపోతుంది. కెపాసిటర్ పీకేసి అటకమీద పెట్టినవాళ్లు మనలోనూ ఉన్నారు, దించి బిగించండి.

వైరు సంగతి క్లుప్తంగా. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 100 మీటర్లకు నిరోధం 0.74 ఓములు. మూడు వైర్లలో కలిపి 125 వాట్లు వేడిగా పోతాయి. 4 చదరపు మిల్లీమీటర్లదైతే 78. అల్యూమినియం అయితే నష్టం ఇంకా ఎక్కువ.

చేయాల్సింది ఇది. స్టార్టర్ డబ్బా మీద ఓల్టులకు, ఆంప్స్‌కు రెండు ముళ్లుంటాయి. రోజూ మోటారు వేసిన పావుగంటకు రెండూ, తేదీ, టైము ఒక నోటుబుక్కులో రాయండి. ట్రాన్స్‌ఫార్మర్‌కు ఒక నోటుబుక్కు. నెల రోజుల అంకెలతో అందరూ సంతకాలు పెట్టి అర్జీ ఇద్దాం. పని జరగకపోతే 2003 విద్యుత్ చట్టం 42వ సెక్షన్ కింద వినియోగదారుల ఫిర్యాదుల వేదిక ఉంది, ఆపైన అంబుడ్స్‌మన్ ఉన్నారు.

ముల్లు పనిచేయని డబ్బా మూత తీసి ఎవరూ చెయ్యి పెట్టొద్దు. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి కొలిపించండి, ఖర్చు ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద రైతులంతా పంచుకోండి. వచ్చే నెల సమావేశానికి నోటుబుక్కులు తీసుకురండి.