అసలు వీడియో దాచండి, నకలు పంచండి

మందస, మెళియాపుట్టి కొండ ఊళ్ల నుంచీ, పలాస, టెక్కలి, ఉద్దానం వైపు నుంచీ వచ్చిన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ స్వాగతం.

సెలవులకు ఇళ్లకు వెళ్లిన మా హాస్టల్ పిల్లలు తాతల కథలు, అమ్మమ్మల పాటలు, కందికొత్తల పండుగ ఆటలు ఫోన్లో తీసి తెస్తారు. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి, చిన్నవి చేసి, తిరిగి ఊళ్లకు పంపడం మా ఆదివారం పని. అందులో మేము నేర్చుకున్నది నాలుగు మాటల్లో చెబుతాం.

గిడుగు రామమూర్తి గారు సవర భాష కోసం కొండలెక్కి, మలేరియా పాలై, క్వినైన్ మందుతో వినికిడి పోగొట్టుకున్నారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. ఆయనకున్నది కాగితం, కలం. మనకు ఫోన్ ఉంది. మరి తీసింది ఎలా దాస్తున్నాం?

వాట్సాప్‌లో వీడియోను మామూలుగా పంపితే అది నొక్కి చిన్నది చేస్తుంది. దాన్నే దింపుకుని, పైన పేరు అతికించి, స్టేటస్‌లో పెడితే మళ్లీ నలుగుతుంది. పలాసలో జీడిపప్పు చూశారు కదా! గుండు పప్పును బద్ద చేయొచ్చు, ముక్క చేయొచ్చు. ముక్కల్ని మళ్లీ గుండు చేయలేం. వీడియో కూడా అంతే. అందుకే ఫోన్లో తీసిన అసలు ఫైలును ముట్టుకోవద్దు. పంచడానికి నకలు వేరే చేయండి.

ఆ నకలు ఎంత ఉండాలి? సెకనుకు ఎంత సమాచారం పోతుందో చెప్పే అంకె బిట్‌రేట్. ఎనిమిది బిట్లు ఒక బైట్. 8 మెగాబిట్లంటే సెకనుకు 1 ఎంబీ, నిమిషానికి 60 ఎంబీ. 2 మెగాబిట్లయితే నిమిషానికి 15 ఎంబీ. లెక్క ఇంతే.

అయితే అన్ని వీడియోలకూ ఒకే బిట్‌రేట్ పెట్టకండి. అరుగు మీద కూర్చుని అమ్మమ్మ కథ చెబుతుంటే బొమ్మలో పెద్దగా మార్పుండదు, తక్కువ సమాచారం చాలు. దుమ్ము రేగేలా ఆడుతుంటే ప్రతి ఫ్రేమూ మారుతుంది, ఎక్కువ కావాలి. ఒకే అంకె పెడితే కథకు వృథా, ఆటకు కరువు. అందుకే హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 'స్థిర నాణ్యత' పద్ధతి ఎంచుకోండి. ఆ అంకె తగ్గితే బొమ్మ బాగుంటుంది, ఫైలు పెరుగుతుంది. 1080 వీడియోకు 20 నుంచి 24 మధ్య పెట్టమని ఆ సాఫ్ట్‌వేర్ చేసినవారే చెబుతారు. మేము 22తో మొదలుపెడతాం.

గుడ్డిగా 22 అనుకోకండి. వీడియోలో కష్టమైన ఒక్క నిమిషం తీసుకోండి. గిరగిరా తిరిగే ఆటో, దీపం వెలుగులో ముఖాలో. దాన్ని 20, 22, 24తో మూడుసార్లు చేయండి. ఫోన్లో కాదు, పెద్ద తెర మీద చూడండి. చీకటి మూలల్లో గళ్లు కనిపిస్తున్నాయా? ముఖం మైనంలా అయిందా? తేడా కనిపించనంత వరకు పెద్ద అంకె ఏదో అదే మీది.

హెచ్.265లో ఫైలు చాలా చిన్నదవుతుంది, కానీ పాత ఫోన్లలో ఆడకపోవచ్చు. ఊరంతా చూడాలంటే హెచ్.264 మేలు. 720లో తీసినదాన్ని 1080 చేయకండి, 30 ఫ్రేములను 60 చేయకండి. లేని వివరం రాదు, బరువు మాత్రం పెరుగుతుంది.

బొమ్మలో పొదుపు చేసినా గొంతులో చేయకండి. సవర మాటలో గొంతు చటుక్కున బిగిసి ఆగే ధ్వని ఉంది. శబ్దాన్ని మరీ పిండితే అలాంటి సన్నటి ధ్వనులే ముందు మసకబారతాయి. ఆడియో 160 కిలోబిట్లు ఉంచితే నిమిషానికి 1.2 ఎంబీ మాత్రమే. దాని దగ్గర పిసినారితనం దేనికి?

నకలును వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి, అది నొక్కదు. అసలును రెండు డిస్కుల్లో, రెండు ఊళ్లలో పెట్టండి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ఏమైందో మీకు చెప్పక్కర్లేదు. ఒక్క ఇంట్లో, ఒక్క ఫోన్లో ఉన్నది ఉన్నట్టు కాదు. ఫైలు పేరులో ఊరు, తేదీ, పాడినవారి పేరు రాయండి. పంచేముందు ఆ పెద్దవారిని అడగండి. కొన్ని పాటలు అందరికీ కాదు, ఇంటివారికే.

ఈ సెలవుల్లో ప్రతి ఒక్కరూ ఒక్క పెద్ద గొంతు తీసి తెండి. చిన్నది చేయడం మనం కలిసి చేద్దాం.

జై ఆదివాసీ. సెలవు.