యుద్ధవార్తలు - మన యిల్లు



దూరదేశమున జరుగు యుద్ధముతో మనకేమి పని యని మన పల్లెలలో ననుట కలదు. ఆ మాట ఏనాడో చెల్లనిదైనది. 1942వ సంవత్సరము ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వేసినవి. ప్రాణనష్టము జరిగినది గాని, ఆ యుద్ధమున నేలమట్టమైన నగరములతో పోల్చినచో నది స్వల్పము. పిమ్మట వ్యాపించిన వదంతులు మాత్రము స్వల్పములు కావు. శత్రువు తీరమున దిగెనట, దిగనున్నాడట యని విని వేలకొలది కుటుంబములు మద్రాసును, తీరపట్టణములను విడిచి లోపలి యూళ్లకు పోయినవి. దొరతనమువారు సైతము కొన్ని కార్యాలయములను మద్రాసునుండి తరలించిరి. శత్రుసేన దిగనే లేదు.

అట్లని వార్తలు వినకుండుటయే మేలందురా? రంగూను సంగతి చూడుడు. 1941 డిసెంబరు 23వ తేదీన ఆ నగరముపై బాంబులు పడినవి. రేవులోను, బియ్యపు మిల్లులలోను పనిచేయు తెలుగువారచ్చట వేలకొలది యుండిరి. ఓడ దొరకినవారు సముద్రముమీద వచ్చిరి. దొరకనివారు అరకాను దారినో, అస్సాము కొండదారినో కాలినడకను బట్టిరి. ఆకలికిని, మలేరియాకును, కలరాకును ఎందరో త్రోవలోనే బలియైరి. ఎప్పుడు బయలుదేరవలెనో తెలియుట యచ్చట ప్రాణముతో సమానమైనది.

నేడు రంగూను స్థానమున గల్ఫు దేశములున్నవి. కరీంనగరు, నిజామాబాదు, కడప, కోనసీమ పల్లెలలో కొడుకో, అల్లుడో, కూతురో అచ్చట లేని వీధి యరుదు. 1990 ఆగస్టు 2వ తేదీన ఇరాకు కువైటునాక్రమించిన పిమ్మట, ఇంచుమించు 1,70,000 మంది భారతీయులను, వారిలో పెక్కుమందిని జోర్డాను రాజధానియైన అమ్మానునుండి, విమానములలో స్వదేశమునకు చేర్చవలసివచ్చెను. 2022లో ఉక్రెయినున వైద్యవిద్య నభ్యసించుచున్న మన విద్యార్థులు పోలండు, రుమేనియా, హంగరీ సరిహద్దులు దాటి వచ్చిరి. వారిలో తెలుగు బిడ్డలు ననేకులు.

ఇట్టి కాలమున ఇంటిలో జరుగునది మీరెరుగుదురు. టెలివిజను ఉదయము మొదలు మ్రోగుచునే యుండును. ఒకే విస్ఫోటమును నూరుమారులు చూపుదురు. చూచు తల్లికి నూరు విస్ఫోటములు జరిగినట్లే. పొయ్యిమీది పాలు పొంగిపోవును. పిల్లలు పుస్తకము తెరువరు. “వాడు ఫోను చేసెనా, అమ్మా?” యని అత్తగారు గంటకొకమారు కోడలినడుగును. పాపము, ఆమెకు మాత్రమెవరు చెప్పిరి? కొందరు పెద్దలు ఆడువారు భయపడుదురని వార్తలు దాతురు. ఇది నాకు సమ్మతము కాదు. దాచిన వార్త పొరుగింటి సెల్‌ఫోనునుండి రెండింతలై వచ్చును.

ఉదయమొకమారు, రాత్రి భోజనమునకు ముందొకమారు ఆకాశవాణి వార్తలు విని పెట్టె కట్టివేయుడు. విన్నదానిని ఇంటిల్లిపాదికిని మీరే చెప్పుడు. పిల్లలడిగినచో భూపటము తెచ్చి, తండ్రి యున్న యూరెక్కడనో, బాంబు పడిన యూరెక్కడనో చూపుడు. బాగ్దాదునకును దుబాయికిని నడుమ ఇంచుమించు 1,400 కిలోమీటర్లున్నవని కంటితో చూచిన పసివానికి సగము భయము తీరును.

శాంతికాలముననే చేయదగిన పని యొకటి కలదు. పనివాండ్ర పాస్‌పోర్టులను యజమానులు తమయొద్దనుంచుకొనుట గల్ఫులో పలుచోట్ల కలదు. కావున దాని నకలు, వీసా నకలు తెప్పించి, యజమాని పేరును, బిడ్డ బసయున్న వీధిని, మన రాయబార కార్యాలయపు ఫోను నంబరును ఒక కాగితముమీద వ్రాయించి ఇనుపపెట్టెలో నుంచుడు. ఆపత్సమయమున పేరు నమోదు చేయించుటకు ఇవియే పనికివచ్చును. బిడ్డతో నొక ఒప్పందమును చేసికొనుడు. ఒక రాత్రి ఫోను రాకున్నచో ఇచ్చట మీరు కీడు శంకింపరాదు. అచ్చటివాడు తోటివారిద్వారానైనను మరునాడు “క్షేమము” అను నొక్క మాట పంపవలెను. మరునాడును రాకున్నచో, ఆ కాగితములు తీసికొని, కోడలిని వెంటబెట్టుకొని కలెక్టరు కార్యాలయమునకు పొండు.