అచ్చులో ఉన్న పుస్తకాలు

(ఖరగ్‌పూర్‌లోని రైల్వే, తపాలా ఉద్యోగుల తెలుగు పఠన బృందము సమావేశమున బృందము పక్షమున చదివిన ప్రసంగపాఠము)



కరువు భత్యమును గురించి, ఖాళీల భర్తీని గురించి ఇదే హాలులో ఎన్నో పర్యాయాలు మాట్లాడుకొన్నాము. నేటి విషయము వేరు. రానున్న జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవము నాటికి వెలువడే తెలుగు పుస్తకాలను గురించి, వాటిని మన ఊరికి రప్పించుకొనే పద్ధతిని గురించి నాలుగు మాటలు మనవి చేయదలచినాము. ఇది సంఘము పట్టించుకోవలసిన పనియేనా అని ఒకరిద్దరు మిత్రులు అడిగినారు. తపాలా చార్జీల ప్రస్తావన వచ్చునంతవరకు వారు ఓపిక పట్టవలెనని కోరుతున్నాము.

పాత తెలుగు పుస్తకము ఏదైనను తీసి చివరి పుట చూడండి. “అచ్చులో ఉన్నవి”, “త్వరలో వెలువడును” అని ఒక జాబితా కనిపిస్తుంది. మా తండ్రుల తరమువారిలో కొందరు నవల పూర్తికాక మునుపే ఆ పుట చదివి, తరువాతి పుస్తకమునకు పైకము సిద్ధము చేసుకొనేవారు. జాబితా క్రింద చిన్న అక్షరాలలో నిబంధనలు ఉండేవి: ఆర్డరుతోపాటు కొంత సొమ్ము మనియార్డరు చేయవలెను, మిగిలినది వి.పి.పి. మీద వసూలు చేసుకొందుము, పెద్ద ఆర్డరైనచో రైల్వే పార్సెలులో పంపుదుము కనుక దగ్గరి స్టేషను పేరు స్పష్టముగా వ్రాయవలెను. ఈ చివరి నిబంధన చదివి మనవారు నవ్వుకొనేవారు. 1072 మీటర్ల ప్లాట్‌ఫారముతో ప్రపంచములోనే పొడవైనదిగా పేరుపడిన స్టేషను మనది. 2013లో గోరఖ్‌పూర్ మించిపోవువరకు ఆ పేరు మనకే ఉన్నది. అంత పొడవు స్టేషను పేరు ఎంత అస్పష్టముగా వ్రాసినను పార్సెలు తప్పిపోదని వారి ధీమా.

ఆ పార్సెలును బండి నుండి దించినవాడు రైల్వే ఉద్యోగి. వి.పి. కట్టను ఇంటికి తెచ్చి సొమ్ము వసూలు చేసినవాడు తపాలా ఉద్యోగి. తెరచి చదివినవాడు కూడ తరచు వీరిలో ఒకడే. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ కాలములో శ్రీకాకుళము, విజయనగరము, విశాఖ ప్రాంతాల నుండి వచ్చి వర్క్‌షాపులోను, లోకోలోను, ట్రాఫిక్‌లోను కుదురుకొన్న కుటుంబాలు మనవి. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడినది, కంపెనీ పేరు పోయినది, కాని మథురాకాఠీలోను, నిమ్‌పురాలోను తెలుగు మాట పోలేదు. అచ్చుయంత్రము మాత్రము ఎల్లప్పుడు దూరముననే ఉన్నది. విజయవాడ మనకు సుమారు పదకొండు వందల కిలోమీటర్లు. అందుచేత మన ఊరి తెలుగు పాఠకుడు ప్రధానముగా ఎదురుచూచే పాఠకుడు.

ఈ ఎదురుచూపు చరిత్ర చిన్నది కాదు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావుగారు, వారి మిత్రులు హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలిని నెలకొల్పినారు. ముందుగా చందాదారులను చేర్చుకొని, వరుసగా గ్రంథాలు వెలువరించి అందజేయుట వారి పద్ధతి. మొదట వచ్చినది గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వ్రాసిన అబ్రహాము లింకను చరిత్ర. తరువాత లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమునకు పూనుకొన్నారు. మూడు సంపుటాలు వచ్చినవి. 1923లో ఆయన మరణించగా నాలుగవ సంపుటము కొరకు చూచినవారు చూస్తూనే ఉండిపోయినారు. కాశీనాథుని నాగేశ్వరరావుగారు ఆ పనిని మరల చేపట్టినారు. 1938లో వారును పోయినారు. ఒక జాతి చందాదారులు విజ్ఞాన సర్వస్వము కొరకు రెండు సార్లు ఎదురుచూచి, రెండు సార్లు సగములో ఆగినారన్న మాట.

శ్రీశ్రీగారి మహాప్రస్థానము సంగతి ఇంకను విచిత్రము. అందలి గీతాలు 1930ల నాటివే చాలవరకు. చలముగారు ఆ గ్రంథమునకు యోగ్యతాపత్రము వ్రాసినది 1940లో. పుస్తకము వెలువడినది 1950లో. పీఠిక పది సంవత్సరాలు పుస్తకము కొరకు కాచుకొని ఉన్నది! ఆ పదేండ్లలో ఆ గీతాలు పత్రికలలో వచ్చినవి, సభలలో నోటికి నోటిగా పాకినవి. పుస్తకము చేతికి వచ్చునప్పటికి అది కంఠస్థమైన పాఠకులు సిద్ధముగా ఉన్నారు. అటువంటి విడుదల ఏ ప్రచురణకర్తకును మరల లభించదేమో.

ఆరుద్రగారి సమగ్ర ఆంధ్ర సాహిత్యము 1965 నుండి సంపుటము వెనుక సంపుటముగా వచ్చినది. వేయి సంవత్సరాల సాహిత్య చరిత్రను ఒక్కరు వ్రాయుట, పాఠకులు ఒక యుగము ముగించి తరువాతి యుగమునకు ఎదురుచూచుట! ధారావాహిక నవలకు చూచినట్లు సాహిత్య చరిత్ర కొరకు చూచినారనిన నేటి యువకులు నమ్మకపోవచ్చును.

ఇక నేటి స్థితి. హైదరాబాదు పుస్తక ప్రదర్శన డిసెంబరులో, విజయవాడ మహోత్సవము జనవరి మొదటి వారములో ప్రారంభమవుతున్నవి. ప్రచురణకర్తలు చాలమంది తమ కొత్త పుస్తకాలను ఈ రెండింటి నాటికే సిద్ధము చేస్తున్నారు. ఐదు వందలు, వెయ్యి ప్రతులకు మించి అచ్చు వేయుటకు సాహసించువారు తక్కువ. మహోత్సవము ముగిసి, పత్రికలో సమీక్ష వచ్చి, మనము చదివి, ఉత్తరము వ్రాయునప్పటికి ఆ ప్రతులు అయిపోవచ్చును, లేదా ఏ గోదాములోనో పడిపోవచ్చును. రెండింటిలో ఏది జరిగినను మనకు పుస్తకము దొరకదు. కనుక అచ్చులో ఉండగానే మన మాట ప్రచురణకర్తకు చేరవలెను. ముప్పది ప్రతుల ముందస్తు ఆర్డరు హైదరాబాదులో చిన్న సంగతి కావచ్చును. ఐదు వందల ప్రతులు వేయువానికి చిన్న సంగతి కాదు.

మేము వేటి కొరకు చూస్తున్నామో చెప్పవలెను గదా. మొదటివి సర్వస్వాలు. బెంగుళూరులోని మనసు ఫౌండేషన్ వారు గురజాడ నూటయేబదవ జయంతి సందర్భమున 2012లో “గురుజాడలు” అను బృహద్గ్రంథము తెచ్చినారు. రావిశాస్త్రిగారి రచనలను కూడ ఒకచోట చేర్చినారు. రావిశాస్త్రిగారి పాత్రలు మాట్లాడుట మొదలుపెట్టగానే మన ముసలివారు తలలు ఊపుతారు. అది వారి ఇంటి పలుకుబడి. ఏ రచయిత సర్వస్వమైనను “త్వరలో” అని వినబడినచో మా బృందములో వెంటనే చందా వసూలు మొదలవుతుంది. బరువైన పుస్తకాలు, ధర కూడ బరువే, కాని ఒక్కటి కొనిన పదిమంది చదువుకోవచ్చును. సంకలనాలకెక్కక పాత పత్రికలలో మిగిలిన కథల కొరకు చూచువారు ఊరికి పోవునప్పుడు శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో దిగి, కాళీపట్నం రామారావుగారు 1997లో నెలకొల్పిన కథానిలయమును చూచి రావలెను. రేపటి సంకలనాలకు ముడిసరుకు అచ్చట ఉన్నది.

రెండవవి బెంగాలీ నుండి రావలసిన అనువాదాలు. ఈ విషయమై కొంచెము ఎక్కువ చెప్పుటకు అనుమతించండి. చక్రపాణిగారు, బొందలపాటి శివరామకృష్ణగారు శరత్‌బాబును తెలుగులోనికి తెచ్చినప్పుడు, శరత్ తెలుగువాడే అనుకొన్న పాఠకులు ఉండేవారట. తరువాత మద్దిపట్ల సూరిగారు మరికొన్ని వంగ నవలలు అందించినారు. మహాశ్వేతాదేవి రచనలలో కొన్ని హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వారి మూలమున మనకు చేరినవి. ఆమె మన మేదినీపూర్ లోధాలను గురించి, శబరులను గురించి వ్రాసినది, వారి పక్షమున పనిచేసినది. మన క్వార్టర్ల నుండి సైకిలు మీద పోదగిన దూరములో ఉన్న మనుష్యుల కథలు హైదరాబాదు చుట్టి మన ఇంటికి తెలుగులో వచ్చినవన్న మాట! రావలసినవి ఇంకను ఎన్నో ఉన్నవి.

వాటిని తేగలవారు ఎవరు? ఇంట తెలుగు, వీధిలో బెంగాలీ పలుకుతూ పెరిగిన మన పిల్లలకంటె తగినవారు ఎవరున్నారు? కాని వారిలో చాలమందికి తెలుగు మాట వచ్చును, తెలుగు అక్షరము రాదు. పశ్చిమ బెంగాలు మంత్రివర్గము 2020 డిసెంబరులో తెలుగునకు అధికార భాషా ప్రతిపత్తిని ఆమోదించినది, మనమందరము సంతోషించినాము. అయినను ఇంట తెలుగు పుస్తకము లేనిచో ఆ ప్రతిపత్తి బడి పిల్లవానికి ఏ విధముగా కనబడుతుంది? మా బృందములో అరువది దాటినవారే అధికము. అందుచేత ఈ పర్యాయము ఆర్డరులో మూడవ వంతు పిల్లల పుస్తకాలే ఉండవలెనని నిర్ణయించినాము. పెద్దలు కొందరు గొణిగినారు. గొణగనిండు.

మూడవది ఒక్కటే పుస్తకము. అన్నింటికంటె ఎక్కువగా దాని కొరకే చూస్తున్నాము, కాని అది ఇంకను వ్రాయబడలేదు. 1927లో ఉద్యోగుల తగ్గింపునకు వ్యతిరేకముగా ఖరగ్‌పూర్ వర్క్‌షాపు కార్మికులు చేసిన పోరాటము, బి.ఎన్.ఆర్. కార్మికుల నాయకుడుగా వి.వి. గిరిగారు నిలిచిన రోజులు, 1974 మే 8న మొదలై 27న ముగిసిన దేశవ్యాప్త సమ్మె — ఇవన్నియు ఇచ్చటి తెలుగు కుటుంబాల నోట కథలుగా ఉన్నవి. 1974లో ఇరువదేండ్ల అప్రెంటిసు నేడు డెబ్బది దాటినవాడు. వినుటకు కూర్చున్నచో గంటల కొలది చెబుతారు. క్వార్టరు ఖాళీ చేయుమన్న నోటీసు వచ్చిన రాత్రి ఇంటిలో ఏమి వండినారో, ఎవరి ఇంట తలదాచుకొన్నారో, ఆ వివరాలు ఏ నివేదికలోను ఉండవు. ఆడవారిని అడిగినచో ఇంకను ఎక్కువ తెలుస్తుంది. ఫోనులో మాటలు పట్టుకొనుట నేడు ఎవరికైనను సాధ్యమే. ప్రతి సభ్యుడు వచ్చే ఉగాది లోపల ఒక్క పెద్దమనిషి మాటలను వ్రాసి తేవలెనని మా ప్రార్థన. ఆ తరువాతనే “అచ్చులో” అను మాట.

ఇక తపాలా. రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ అను సదుపాయము ఉన్నంతకాలము ఐదు కిలోల పుస్తకాలు దేశములో ఎచ్చటికైనను 80 రూపాయలకు పోయేవి. 2024 డిసెంబరులో కొత్త నియమాలతో అది రద్దయినది. అదే బరువు పార్సెలుగా పంపినచో రెండు వందలు దాటినది. చిన్న ప్రచురణకర్తలు, దూరపు పాఠకులు గగ్గోలు పెట్టినారు. 2025 మే 1 నుండి జ్ఞాన్ పోస్ట్ అను పేరుతో ఒక సదుపాయము వచ్చినది: 300 గ్రాముల వరకు 20 రూపాయలు, ఐదు కిలోలకు 100 రూపాయలు, పన్ను అదనము. విద్యా, సామాజిక, సాంస్కృతిక, మత గ్రంథాలకు ఇది వర్తిస్తుంది, పత్రికలకు వర్తించదు, పుస్తకముపై ముద్రాపకుని పేరు గాని ప్రచురణకర్త పేరు గాని ఉండవలెను. ఉపరితల రవాణాలోనే, అనగా రైలులోను, రోడ్డుమీదను వస్తుంది, కనుక తొందర పనికిరాదు.

లెక్క చూడండి. రెండు వందల పుటల పుస్తకము సుమారు పావు కిలో తూగుతుంది. ఒక్కొక్కరము విడిగా తెప్పించినచో పుస్తకమునకు 20 రూపాయలు. ఇరువది పుస్తకాలు ఒకే కట్టగా తెప్పించినచో తలకు 5 రూపాయలు. సంఘము చేయదగిన పనియా కాదా అని అడిగిన మిత్రులు ఈ వ్యత్యాసమును గమనింతురుగాక.

కౌంటరులో కూర్చొనే తపాలా సోదరులకు ఒక ప్రత్యేక విన్నపము. నవల సాంస్కృతిక గ్రంథమా కాదా, కథల సంపుటి ఏ కోవకు చెందును అని సందేహము కలిగినప్పుడు పాఠకుని పక్షమున ఆలోచించండి. నియమము అర్థము స్పష్టముగా లేనిచోట పైవారి నుండి వ్రాతపూర్వకమైన వివరణ కోరండి. పాఠకుని వెనుకకు పంపకండి. కవిత్వము సంస్కృతి కాదని ఎవరైనను అన్నచో ఆ కాగితము మాకు పంపండి, మన బులెటినులో యథాతథముగా ప్రకటింపజేస్తాము. చార్జీల తగ్గింపు కొరకు ఫెడరేషను చేయు విజ్ఞాపనలో పుస్తకాల సంగతి కూడ చేర్చవలెనని తీర్మానము ప్రతిపాదిస్తున్నాము. మన రైల్వే శాఖలవారు దానిని బలపరచవలెను.

ఏర్పాట్లు ఇవి. ప్రకటనలు వచ్చిన పుస్తకాల పేర్లు, ధరలు ఒక కాగితముమీద వ్రాసి ఉంచినాము. కావలసినవాని ఎదుట పేరు, డిపార్టుమెంటు వ్రాసి సగము సొమ్ము చెల్లించవలెను. డిసెంబరు రెండవ ఆదివారముతో జాబితా మూసివేస్తాము. మహోత్సవమునకు పోవు ఇద్దరు సభ్యులు ప్రచురణకర్తల వద్ద పుస్తకాలు సరిచూచి, ఐదు కిలోల కట్టలుగా కట్టించి, విజయవాడలోనే తపాలాలో వేస్తారు. ప్రకటించిన పుస్తకము వెలువడనిచో సొమ్ము తిరిగి ఇవ్వబడును. అది వచ్చువరకు ఆగుదుమనువారు ఆ సంగతి ప్రక్కన వ్రాయవలెను. పిల్లల పుస్తకాల జాబితా వేరుగా ఉన్నది, దానికి ముందస్తు సొమ్ము లేదు. రెండును ద్వారము ప్రక్కనున్న బల్లమీద ఉన్నవి, లెక్క చూచువారు టీ అయినంతవరకు అక్కడనే ఉంటారు.