కాళ్ళలో వేగం, చేతుల్లో నేర్పు



పువ్వు పుట్టగానే పరిమళిస్తుందన్న మాట మన ఇళ్ళల్లో తరచు వింటూనే ఉంటాం. పిల్లవాడు కాస్త చురుగ్గా పరిగెత్తితే చాలు, వీడికి పుట్టుకతోనే వచ్చిందమ్మా అని మురిసిపోతాం. వెనకబడిన పిల్లవాణ్ణి చూసి మాత్రం ఏమీ అనం. అనకపోయినా వాడికి తెలిసిపోతుంది. ఈ పూట నేను చెప్పబోయేది ఆ రెండో పిల్లవాడి సంగతే. కాకపోతే ఉదాహరణలన్నీ అమెరికావాళ్ళు ఆడుకునే ఫుట్‌బాల్ నుంచి.

ఆ ఆట మనకెందుకండీ అంటారేమో! ఈ రోజుల్లో కూతురో కొడుకో, అన్నగారో చెల్లెలో డల్లాసులోనో న్యూజెర్సీలోనో లేని ఇళ్ళు మన వాడల్లో ఎన్ని ఉన్నాయి చెప్పండి? వాళ్ళ పిల్లలు అక్కడి బడుల్లో చదువుతూ అక్కడి ఆటలే ఆడతారు. మా పిన్ని కూతురు ఒకతె అక్కడినించి ఫోను చేసి, “అక్కయ్యా, మావాడికి బంతి పట్టడం బాగా వచ్చునట, కాళ్ళల్లో వేగం లేదట, జట్టులోకి తీసుకోలేదు. పన్నెండేళ్ళవాడు అన్నం మానేసి కూర్చున్నాడు. ఈ ఆట మాన్పించెయ్యనా?” అని అడిగింది. ఏం చెప్పాలో తోచక, ముందు ఆ ఆట ఏమిటో తెలుసుకుందామని కూర్చున్నాను. తెలుసుకుంటున్నకొద్దీ నాకే ఆసక్తి పుట్టింది సుమండీ.

ఫుట్‌బాల్ అంటే మనకు తెలిసింది కాలితో తన్నేది. 1951లోనూ 1962లోనూ ఏషియన్ గేమ్స్‌లో మన దేశానికి బంగారు పతకాలు తెచ్చిన జట్లకు కోచ్‌గా ఉన్న రహీంగారు మన హైదరాబాదువారే, బడిపంతులుగా పనిచేసినవారు. ఆ ఆట వేరు, ఇది వేరు. ఇందులో బంతి రెండు కొసలా మొనదేలి ఉంటుంది. దాన్ని ఎక్కువగా చేత్తోనే విసురుతారు. అటు పదకొండు మంది, ఇటు పదకొండు మంది, మధ్యన వంద గజాల మైదానం. విసిరేవాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు. పరిగెత్తిపోయి ఆ బంతిని అందుకునేవాడు రిసీవర్. మన పిల్లవాడికి కావలసింది ఆ రిసీవర్ పనే.

పరిగెత్తి పట్టుకోవడమే కదా, వేగం ఉంటే చాలదా అనిపిస్తుంది. నాకూ మొదట అలాగే అనిపించింది. అసలు కిటుకు వేరే ఉంది. రిసీవర్ ఎటు పరిగెత్తాలో, ఎన్ని అడుగులు వెయ్యాలో, ఎక్కడ తిరగాలో ముందే నిర్ణయమై ఉంటుంది. అతను ఇంకా వెనక్కి తిరగకముందే క్వార్టర్‌బ్యాక్ బంతి వదిలేస్తాడు. మనిషి ఉన్నచోటికి కాదు, మనిషి చేరవలసినచోటికి! ఒక అడుగు ముందు చేరినా, ఒక అడుగు వెనక చేరినా బంతి ఎదుటివాడి పాలే. పోపులో నూనె కాగకముందే ఆవాలు వేసినా, పొగలొచ్చాక వేసినా ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? ఇదీ అంతే.

ఇంకొక సంగతి. ఈ ఆటలో పరిగెత్తడం కన్నా ఆగడం కష్టమట. వెంటాడే ఆటగాడు రెండు అడుగుల దూరంలో ఉంటాడు. పూర్తి వేగంతో పోతున్నవాడు నడుము వంచి, చిన్న చిన్న అడుగులు వేసి, చటుక్కున నిలిచి పక్కకు తిరిగాడా, వెంటాడేవాడు ఆ ఊపులో ముందుకు పోతాడు. అక్కడ ఏర్పడే ఆ కాస్త ఖాళీయే రిసీవర్‌కు బతుకుతెరువు. పైగా తిరగబోతున్నానని భుజం కదలికలో కూడా తెలియనివ్వకూడదు. ఇవన్నీ ఎవరో ఒకరు పక్కన నిలబడి, తప్పు దిద్ది, వందసార్లు చేయిస్తే గాని రావు.

మరి వేగం నేర్పితే రాదా అంటే, కొంతవరకే వస్తుంది. మన కండల్లో చప్పున ముడుచుకునే పోగులూ, నిదానంగా పనిచేస్తూ ఎక్కువసేపు ఓర్చుకునే పోగులూ ఉంటాయి. ఏవి ఎన్ని అనేది చాలావరకు తల్లిదండ్రుల నుంచి వచ్చేదే. తర్ఫీదుతో, బలంతో, మొదటి అడుగు వేసే పద్ధతి దిద్దుకోవడంతో కొంత మెరుగుపడుతుందే గాని, మందకొడి కాళ్ళు మెరుపు కాళ్ళు కావు. అందుకే “వేగాన్ని నేర్పలేం” అన్నది అక్కడి కోచ్‌లకు ఊతపదం. ఉన్న మాటే. దాన్ని కాదనడం నా ఉద్దేశం కాదు.

ఆ వేగాన్ని కొలవడానికి వాళ్ళకొక తంతు ఉంది. కాలేజీ ఆట ముగించి నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో చేరగోరే కుర్రవాళ్ళను ఏటా ఒకచోట చేర్చి, నలభై గజాలు తిన్నగా పరిగెత్తిస్తారు. చేతిలో బంతి ఉండదు, ఎదురుగా మనిషి ఉండడు, మలుపు ఉండదు. పెళ్ళిచూపుల్లో పాట పాడించినట్టు! ఆ నాలుగున్నర సెకన్లు ఎన్ని లక్షల డాలర్లు పలుకుతాయో మనం ఊహించలేం.

2017లో ఆ పరుగులో జాన్ రాస్ అనే కుర్రవాడు 4.22 సెకన్లతో అప్పటికి రికార్డు స్థాపించాడు. 2024లో జేవియర్ వర్తీ 4.21తో దాన్ని దాటేదాకా అదే నిలిచింది. రాస్‌ను సిన్సినాటి జట్టు తొమ్మిదో ఎంపికగా తీసుకుంది. అదే ఏడు, అదే పరుగులో కూపర్ కప్ అనే మరో కుర్రవాడికి 4.62 సెకన్లు పట్టింది. నలభై గజాల చివర అంటే సుమారు నాలుగు గజాలు వెనక. తక్కువ తేడా కాదండీ. లాస్ ఏంజెలెస్ రామ్స్ జట్టు అతన్ని అరవై తొమ్మిదో ఎంపికగా తీసుకుంది. రాస్‌కు మొదటి ఏడాది ఒక్క బంతి కూడా చేత పడలేదు. పాపం, గాయాలూ అతన్ని వదలలేదు, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. కప్ 2021లో 145 బంతులు పట్టి, 1,947 గజాలు సంపాదించి, 16 టచ్‌డౌన్‌లు చేశాడు. మూడింటిలోనూ లీగ్‌లో అతనిదే ప్రథమస్థానం. ఆ ఏటి సూపర్ బౌల్‌లో ఉత్తమ ఆటగాడూ అతనే. అతని తండ్రీ తాతా కూడా ఆ లీగ్‌లో ఆడినవాళ్ళు. అయితే పుట్టుకేగా అంటారేమో! కావచ్చు. కాని వాళ్ళనుంచి అతనికి మెరుపు కాళ్ళు రాలేదని ఆ గడియారమే చెప్పింది కదా.

ఇప్పుడు ఇద్దరు ఒలింపిక్ వీరుల కథ. 1964 టోక్యోలో నూరు మీటర్ల పరుగు బంగారు పతకం గెలిచిన బాబ్ హేస్ మరుసటి ఏడాది డల్లాస్ కౌబాయ్స్‌లో రిసీవర్‌గా చేరి, మొదటి ఏడాదే 46 బంతులు పట్టి 1,003 గజాలు, 12 టచ్‌డౌన్‌లు చేశాడు. ఒక్క మనిషి అతన్ని కాపలా కాయలేక, మైదానాన్ని వాటాలుగా పంచుకుని కాచే పద్ధతికి ఎదుటి జట్లు మళ్ళుకున్నాయి. ఒక మనిషి కాళ్ళు ఒక ఆట తీరునే మార్చాయంటే వేగాన్ని తక్కువ చేసి ఎలా మాట్లాడతాం? ఆ తరవాత 1968 మెక్సికోలో నూరు మీటర్లను 9.95 సెకన్లలో పరిగెత్తి బంగారు పతకం గెలిచినవాడు జిమ్ హైన్స్. అతన్ని మయామి జట్టు తీసుకుంది. ప్రపంచంలో అంతటి వేగం మరొకరికి లేదు. మొత్తం మీద అతను పట్టిన బంతులు రెండు! చూసేవాళ్ళు అతనికొక ఎగతాళి పేరు కూడా పెట్టారు. తేడా ఎక్కడుందంటారు? హేస్ టోక్యోకు వెళ్ళకముందే కాలేజీ జట్టులో ఫుట్‌బాల్ ఆడుతూ పెరిగినవాడు. హైన్స్ పరుగులోనే పెరిగినవాడు.

ఇక జెర్రీ రైస్. మిసిసిపీ రాష్ట్రంలో క్రాఫర్డ్ అనే పల్లె. తండ్రి తాపీమేస్త్రీ. వేసవిలో అన్నదమ్ములు కింద నుంచి ఇటుకలు విసిరితే, పరంజా మీద నిలబడి జెర్రీ అందుకునేవాడు. ఇటుక జారితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. అతని నలభై గజాల పరుగు గురించి రకరకాల లెక్కలు చెబుతారు గాని, మెరుపు వేగమని ఎవరూ అనలేదు. 1985లో శాన్‌ఫ్రాన్సిస్కో జట్టులో చేరిన మొదటి ఏడాది పట్టవలసిన బంతులు చాలా జారవిడిచాడు. సొంత ఊరి ప్రేక్షకులే గేలి చేశారు. ఆట పాఠం కొత్త, ఎత్తుగడలు కొత్త. ఆట లేని నెలల్లో సాన్ కార్లోస్ దగ్గర రెండున్నర మైళ్ళ కొండదారి ఎక్కి పరిగెత్తేవాడు. ఇరవై ఏళ్ళు ఆడి 22,895 గజాలు సంపాదించాడు. రెండో స్థానంలో ఉన్న లారీ ఫిట్జెరాల్డ్ 17,492 దగ్గర ఆగాడు.

బడి ఈడు పిల్లల సంగతికొస్తే, నాకు ముఖ్యమనిపించింది ఇది. పన్నెండేళ్ళప్పుడు వేగంగా కనబడే పిల్లవాడు తరచు ముందుగా ఎదిగిన పిల్లవాడు, అంతే. కొందరు మగపిల్లలు పదకొండు, పన్నెండుకే చివుక్కున సాగుతారు, కొందరు పదిహేను దాకా సాగరు. ముందు ఎదిగినవాడు బడిలో అందరినీ ఊరికే దాటిపోతాడు గనక ఆగడమూ తిరగడమూ నేర్చుకోవలసిన అవసరమే అతనికి రాదు. నేర్పాలని కోచ్‌కూ తోచదు, ఎలాగూ గెలుస్తున్నారు కదా! నాలుగేళ్ళు పోయాక తక్కినవాళ్ళ కాళ్ళూ సాగుతాయి. అప్పుడు అతని చేతిలో ఏం మిగులుతుంది? నెమ్మదివాడికి మొదటినుంచీ గత్యంతరం లేదు గనక అడుగు లెక్కపెట్టుకోవడం నేర్చుకుంటాడు. నేర్పే మనిషి దొరికితేనే సుమా! ఆ వయస్సులోనే గడియారం చూసి పంపేస్తే ఆ నేర్చుకోవడమూ ఉండదు. నన్నడిగితే పదహారేళ్ళు నిండేదాకా ఏ పిల్లవాణ్ణీ వేగం లేదని తోసెయ్యకూడదు. మా చెల్లెలికీ అదే చెప్పాను. ఒకచోట తీసుకోకపోతే, మీదపడి పడగొట్టకుండా నడుముకు కట్టిన గుడ్డపేలిక లాగితే ఆట ఆగిపోయే ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఉందట, అందులో వెయ్యమన్నాను. తలకు దెబ్బల భయమూ తక్కువ. ఆడపిల్లలూ ఆడతారు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో దానికి చోటిస్తూ 2023లోనే నిర్ణయించారు.

ఇందాక చెప్పిన ఫిట్జెరాల్డ్ తాతగారు షికాగోలో కళ్ళు పరీక్ష చేసే ఆప్టోమెట్రిస్టు. వేసవి సెలవులకు వచ్చిన మనవడి చేత కంటికీ చేతికీ పొత్తు కుదిరే సాధనలు చేయించేవారట. అటువంటివి మనమూ చేయించవచ్చు, ఏ ఆట ఆడే పిల్లలకైనా. టెన్నిస్ బంతి మీద నాలుగు వైపులా నాలుగు అంకెలు వేసి నెమ్మదిగా విసరండి. పట్టుకునేలోగా ఏ అంకె కనబడిందో పిల్లవాడు పైకి చెప్పాలి. బంతి చేతిలో పడేదాకా చూపు దానిమీదే ఉండడం అలా అలవడుతుంది. రొమ్ముకు అదుముకోనివ్వకండి, వేళ్ళతోనే పట్టాలి. బంతి ఎత్తుగా వస్తే బొటనవేళ్ళు రెండూ దగ్గరగా, కిందుగా వస్తే చిటికెనవేళ్ళు దగ్గరగా ఉండాలి. నాలుగు రోజులు నిలబెట్టి, తరవాత నడిపించి, ఆ తరవాత వీపు తిప్పి నిలబెట్టి ‘ఇదిగో’ అన్నాకే తిరగమనండి. వంట పని ముగిశాక పావుగంట చాలు, పెరట్లోనైనా మేడమీదైనా సరే. బంతి దొరక్కపోతే పాత మేజోళ్ళు ఉండ చుట్టి కుట్టండి, అద్దాలు పగలవు.

ఉంటానండీ, సెలవు.