పుండుకు పెట్టే మిషను - రైతు కట్టే బిల్లు
(గంగవరంలో జరిగిన రైతుసంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



టమోటా ధర గురించి, పాల ధర గురించి, ఏనుగులు తొక్కిన పంటకు పరిహారం గురించి ఇంతసేపూ మాట్లాడుకున్నాం. మన లెక్కల పుస్తకంలోకి ఎక్కని ఖర్చు ఇంకొకటి ఉంది. అది గాయాల ఖర్చు.

టమోటా కట్టె అరికాల్లో దిగుతుంది. రోటవేటరు పళ్లు తగులుతాయి. రాత్రిపూట మోటారు వేయడానికి పోతే రక్తపింజరి కరుస్తుంది, ప్రాణం దక్కినా కరిచిన చోట కండ కుళ్లవచ్చు. షుగరు ఉన్నవాళ్లకు పాదంలో స్పర్శ తగ్గిపోతుంది, ముల్లు దిగినా తెలియదు. వాసన వచ్చాకే కాలు చూసుకుంటారు. అప్పుడు పెద్దాసుపత్రికి పోతే చచ్చిన కండ కోసేసి, "వ్యాక్ పెట్టాలి, సంతకం చేయండి" అంటారు. అదేమిటో, ఎంతవుతుందో తెలియకుండానే సంతకం పెడతాం. నేను డాక్టరును కాను, మీలాగే రైతును. ఆ సంతకానికి ముందు మనం తెలుసుకోవలసినవి చెప్తాను.

దీని పూర్తి పేరు నెగటివ్ ప్రెషర్ ఊండ్ థెరపీ. అమెరికాలో అర్జెంటా, మోరిక్వాస్ అనే ఇద్దరు దీన్ని తయారుచేసి, 1997లో తమ ఫలితాలు ప్రచురించారు. శుభ్రం చేసిన పుండులో దాని కొలతకు కత్తిరించిన స్పాంజి పెడతారు. పైన పల్చటి ప్లాస్టిక్ పొర గాలి దూరకుండా అంటిస్తారు. దానికి చిన్న రంధ్రం చేసి గొట్టం తగిలిస్తారు. గొట్టం రెండో కొస మిషనుకు ఉంటుంది. సాధారణంగా 125 మిల్లీమీటర్ల ఒత్తిడితో అది పుండులోని నీరు, చీము లాగి డబ్బాలో పోస్తుంది. వాపు దిగుతుంది, ఎర్రటి కొత్త కండ ఊరుతుంది. తర్వాత పుండు దానంతట అదే మూసుకోవచ్చు, లేదా తొడ చర్మం తీసి అతికిస్తారు.

మోటారు పెట్టినవాళ్లకు దీన్ని వివరించనక్కరలేదు. సక్షన్ పైపులో గాలి పడితే నీళ్లు ఎక్కుతాయా? ఇదీ అంతే. ప్లాస్టిక్ ఒక్క మూల లేచినా మిషను తిరుగుతుంది, పని జరగదు. మిషను మోత పెడితే వెంటనే నర్సును పిలవండి.

ఇక ఖర్చు. ఇందులో మూడు భాగాలుంటాయి: మిషను రోజు అద్దె, స్పాంజి కిట్టు, డబ్బా. అసలు బరువు కిట్టు దగ్గరే. కంపెనీ కిట్టు ఒక్కోటి వేలల్లో ఉంటుంది, రెండు మూడు రోజులకు ఒకసారి మార్చాలి. రెండు వారాలంటే అయిదారు కిట్లు. కాబట్టి "రోజుకు ఎంత" అని మాత్రమే అడిగితే చాలదు. "ఎన్నిసార్లు మారుస్తారు, కిట్టు ఎంత, డబ్బా ఎంత, మొత్తం ఎన్ని రోజులు" అని అడిగి కాగితం మీద రాయించుకోండి.

మా బావమరిదికి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో వ్యాక్ పెట్టారు. డిశ్చార్జి నాడు బిల్లులో "మెషిన్ చార్జీలు" అని ఒకే వరుస ఉంది. విడదీసి రాయమంటే మూడుసార్లు తిప్పారు. చివరికి రాసిస్తే, కట్టు మార్చింది నాలుగుసార్లు, కట్టిన లెక్క ఆరు. మా చెల్లెలు క్యాలెండరులో కట్టు మార్చిన రోజులు గీత పెట్టింది కాబట్టి ఆ రెండూ తీసేశారు. ఆ గీతలు మీరూ పెట్టండి. 2018లో జాతీయ మానవ హక్కుల సంఘం తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో చికిత్స ఖర్చు తెలుసుకునే హక్కు, తన కాగితాలు తాను తీసుకునే హక్కు ఉన్నాయి. అడగడం తప్పు కాదు.

కార్డు ఉన్నవాళ్లు ఆసుపత్రిలో చేరిన రోజే వైద్యసేవ కౌంటరుకు పోవాలి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకమే ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ. అక్కడి మిత్రను ఒకటే ప్రశ్న అడగండి: "మా కేసుకు ఏ ప్యాకేజీ పెట్టారు, వ్యాక్ అందులో ఉందా?" లేదంటే ఆ మాట డబ్బు కట్టకముందే తెలియాలి. ప్యాకేజీలో ఉన్నదానికి చేతి డబ్బు అడిగితే 104కు ఫోన్ చేయండి. ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ పెట్టాలన్నా ఒరిజినల్ బిల్లులు కావాలి, పారేయకండి.

"మిషను పెట్టకపోతే కాలు పోతుంది" అనే మాటకు భయపడి ఆవును అమ్మేవాళ్లున్నారు. నిజం ఏమిటో చూద్దాం. 2005లో అమెరికాలో పాదం కొంత తీసేసిన 162 మంది షుగరు రోగుల మీద పరీక్ష చేశారు. మిషను పెట్టినవాళ్లలో నూటికి 56 మందికి, మామూలు కట్టు కట్టినవాళ్లలో 39 మందికి పుండు మానింది. అది మేలే. కానీ 2018లో బ్రిటన్‌లో, కాలి ఎముక విరిగి బయటపడిన 460 మందిలో, ఏడాది తర్వాత చూస్తే చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 2020లో ప్రచురించిన జర్మనీ పరీక్షలో కూడా షుగరు పాదం పుండు మూసుకోవడంలో మిషనుదే పైచేయి అని తేలలేదు. అంటే ఇది పనికొచ్చే పనిముట్టు, సంజీవని మాత్రం కాదు. చచ్చిన కండ తీయడం, షుగరు అదుపు, కాలికి రక్తం పారుతున్నదా అని చూడడం, పుండు మీద బరువు మోపకపోవడం - ఇవి లేకుండా ఎంత ఖరీదైన మిషనైనా దండగే. ఇవి ఉండి, మామూలు సెలైన్ కట్టు శ్రద్ధగా కట్టినా చాలామందికి మానుతుంది. మిషను ఎందుకు కావాలో, దానికి బదులు ఏముందో డాక్టరును అడిగాకే అప్పు సంగతి ఆలోచించండి.

కొన్ని ఆసుపత్రుల్లో కంపెనీ మిషను లేకుండానే గోడకుండే సక్షన్, శుద్ధిచేసిన స్పాంజి, ప్లాస్టిక్ పొరతో తక్కువ ఖర్చులో ఈ పని చేస్తున్నారు. 2010లో హైతీ భూకంపం తర్వాత, అమెరికాలోని ఎంఐటీలో చదివే డేనియల్ జురోవ్‌చిక్ కరెంటు అక్కరలేని, చేత్తో నొక్కే పంపును అక్కడికి తీసుకుపోయింది. చవకగా చేయవచ్చని దీనితో తెలుస్తున్నది. అయితే అది డాక్టరు చేతిలో జరగాలి. ఇంట్లో ఏదో మోటారు తగిలించవద్దు.

ప్రమాదమూ ఉంది. 2007 నుంచి 2011 దాకా 12 మరణాలు, 174 గాయాలు తమ దృష్టికి వచ్చాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ప్రకటించింది. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం రక్తస్రావం. రక్తం పల్చబడే మాత్రలు మింగుతుంటే ముందే చెప్పండి. గొట్టంలో ఎర్రటి రక్తం పారితే మిషను ఆపి, గట్టిగా ఒత్తిపట్టి, డాక్టరును పిలవండి. స్పాంజి ముక్కలు ఎన్ని పెట్టారో, ఎన్ని తీశారో లెక్క చూడండి, లోపల ఒకటి మిగిలితే పుండు చెడుతుంది. మిషనుతో ఇంటికి పంపితే కరెంటు సంగతి ఆలోచించండి. రోజులో రెండు గంటలకు మించి ఆగితే ఆ కట్టు తీసేసి మామూలు కట్టు కట్టాలి. బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో, రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలో అడిగాకే ఇంటికి రండి.

చివరగా సంఘం అడగవలసినవి మూడు. పలమనేరు, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రభుత్వ ఆసుపత్రుల్లో పుండ్లకు ప్రత్యేకంగా ఒక గది, శిక్షణ పొందిన నర్సు, చాలినన్ని కట్లు ఉండాలి. వైద్యసేవ ప్యాకేజీలో వ్యాక్ ఉందో లేదో తెలుగులో రాసి ప్రతి నెట్‌వర్క్ ఆసుపత్రి గోడ మీద పెట్టాలి. మిషను అద్దె, కిట్టు ధర విడివిడిగా బిల్లులో చూపాలి. ఈ మూడింటితో అర్జీ రాసి ఉంచాము. సభ అయ్యాక అందరూ సంతకాలు చేయండి. ఇది చదివి, అర్థం చేసుకుని పెట్టే సంతకం.

రైతుసంఘాల ఐక్యత వర్ధిల్లాలి.