గుట్ట మీద ఒక్క మార్కు

మా హోసూరు పక్కన మోటారు సైకిళ్లు తయారయ్యే ఫ్యాక్టరీ ఉంది గనుక మా పిల్లలకు బళ్ల సంగతి బాగా తెలుసు. కాని వేగంతో నిమిత్తం లేని మోటారు సైకిలు పోటీ ఒకటుందంటే వాళ్లే నమ్మలేదు. దాని పేరు ట్రయల్స్. స్కాట్లండులో ఫోర్ట్ విలియం ప్రాంతంలో జరిగే ఆరు రోజుల పోటీ చరిత్ర 1909 దాకా వెనక్కి పోతుంది.

బండరాళ్లూ వాగులూ ఉన్నచోట కొంత దారికి హద్దులు గీస్తారు. దాన్ని సెక్షన్ అంటారు. కాలు నేలకు ఆనకుండా దాటితే సున్న. ఒకసారి ఆనితే ఒకటి, రెండుసార్లయితే రెండు, ఆపైన ఎన్నిసార్లయినా మూడు. పడినా, హద్దు దాటినా అయిదు. తక్కువ మార్కులవాడిదే గెలుపు. మన బడి లెక్కకు తలకిందులన్నమాట!

ఈ మార్కులు వేసేది ఎవరనుకుంటున్నారు? చాలా పోటీల్లో జీతం లేని స్వచ్ఛంద పరిశీలకులే. వానలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకేచోట నిలబడతారు. వాళ్లు లేకపోతే పోటీయే లేదు. తగవు కూడా అక్కడే పుడుతుంది. బండికి అవతలి పక్క కాలు ఆనిందా లేదా? బండి ఆగిందా, ఆగినట్టు కనిపించిందా? ప్రపంచ పోటీల్లో 2013లో, ఆగకుండా నడపాలన్న నియమం మళ్లీ తెచ్చినప్పుడు ఈ రెండో ప్రశ్న బాగా ముదిరింది. ఒక్క క్షణం ఆగితే అయిదు. మరి ఆ క్షణాన్ని కొలిచేది మనిషి కన్నే!

ఒక సెక్షన్‌లో పరిశీలకుడు మరీ కఠినుడైతే పెద్ద చిక్కు లేదు, అందరికీ అంతే కదా. పొద్దున కఠినంగా ఉండి, మధ్యాహ్నానికి అలసి మెత్తబడితేనే అన్యాయం. ముందు వచ్చినవాడు నష్టపోతాడు. మొత్తం మార్కులు సమానమైతే ఎక్కువ సున్నలు ఉన్నవాడిదే పైచేయి. కనుక తప్పుగా పడిన ఒకటి రెండు విధాల దెబ్బ కొడుతుంది.

నాకిది కొత్త సంగతి కాదు. ఒకసారి పద్యపఠనం పోటీకి నన్ను న్యాయనిర్ణేతగా కూర్చోబెట్టారు. మొదటి పిల్లకు, ఎందుకైనా మంచిదని, పదికి ఆరు వేశాను. పదిహేనో పిల్ల వచ్చేసరికి ఏడు, ఎనిమిది ధారాళంగా పడుతున్నాయి. ఆ మొదటి పిల్ల ఒక్క మార్కుతో బహుమతి పోగొట్టుకుంది. బి.ఇడి.లో మూల్యాంకనం గురించి పరీక్ష రాసి నెగ్గినవాణ్ణి నేను! ఆ పిల్ల నన్నేమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

ట్రయల్స్‌వారు కొన్ని ఉపాయాలు చేస్తారు. పోటీకి ముందే పరిశీలకులను కూర్చోబెట్టి, ఆగడమంటే ఏమిటో బండి నడిపి చూపిస్తారు. వీలైనచోట సెక్షన్‌కు ఇద్దరిని పెడతారు, అటొకరు ఇటొకరు. నేనూ ఇప్పుడు పద్యపఠనానికి కూర్చుంటే మొదటి అయిదుగురి మార్కులు పెన్సిలుతో వేస్తున్నాను. చివరి పిల్ల దిగాక వాటిని మళ్లీ చూసి, అప్పుడు సిరాతో దిద్దుతాను. నిర్వాహకులు కాగితాలు త్వరగా ఇమ్మని తొందర పెడుతూనే ఉంటారు.